నాన్నమ్మ వాక్యంలో సమాపక క్రియ

బట్టలు కుట్టుకునే ఆ ఇల్లాలికి లెక్కలంటే భయం లేదు. కూతుళ్ళిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టిన ఈ రెండేళ్ళలో భిన్నాలు టేపు పట్టి నేర్పింది, కోణాలు కాలరు కత్తిరిస్తూ నేర్పింది. వ్యాకరణం దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడలేదు. ఆవిడ రాసే వాక్యమల్లా చీటీ మీద "ప్యాంటు రెడీ" అని. అందులో క్రియ ఉందో లేదో కూడా ఆవిడకి తెలీదు.

అలాంటి సమయంలో విద్యాశాఖ నుంచి కాగితం వచ్చిపడింది. పిల్లలకి భాష ఏ పుస్తకాల సెట్టుతో నేర్పుతారో నెలాఖరుకల్లా తేల్చి ఫారం నింపాలట, ఆ రోజు మేడమ్ ఒకావిడ తనిఖీకి వస్తుందట. కంపెనీలకి రాస్తే మూడు నమూనా సెట్లు వచ్చాయి. వారానికొకటి వాడి చూద్దామనుకుంది.

మొదటి సెట్టు కర్మణి వాక్యంతో మొదలైంది. పిల్లి పాలు తాగింది అనకూడదు, పిల్లి చేత పాలు తాగబడ్డాయి అనాలి. దానివల్ల మాటకి హుందాతనం వస్తుందని ముందుమాటలో రాశారు. వచ్చింది కూడా. మంగళవారం సాయంత్రం, సిటీ బస్సు నడిపే భర్త డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి వంటింటి నిండా గాజు ముక్కలు.

"ఏమైందే?" అన్నాడు.

"గ్లాసు పగలగొట్టబడింది నాన్నా," అంది చిన్నది హుందాగా.

"ఎవరి చేత?"

"అది మూడో పాఠంలో వస్తుంది."

నమూనాలో ఉన్నవి రెండు పాఠాలే. ఆ గ్లాసు సంగతి ఇప్పటికీ తేలలేదు.

రెండో సెట్టులో పుస్తకం తక్కువ, స్టిక్కర్లు ఎక్కువ. కనపడ్డదానికల్లా భాషాభాగం పేరు అంటించాలి. కుట్టుమిషను, కుర్చీ, సబ్బుపెట్టె అన్నీ నామవాచకాలైపోయాయి. భర్త వీపున "విశేషణం" అని ఉండగానే డ్యూటీకి వెళ్ళిపోయాడు. బస్సు దిగబోతున్న ఒక పెద్దాయన భుజం తట్టి, "దేనికి విశేషణం బాబూ?" అని అడిగితే, ఏం చెప్పాలో తెలీక ఆయన దిగాల్సిన స్టాపు దాటించేశాడు. అత్తగారి భుజాన "అవ్యయం" అంటించారు.

"అంటే ఏమిటే?" అందావిడ అనుమానంగా.

"లింగం మారినా, వచనం మారినా, ఏం మారినా తను మాత్రం మారనిది, నాన్నమ్మా," అంది పెద్దది.

"అయితే తెలిసినవాళ్ళే రాశారు. ఉండనీ."

మూడోది దారాల సెట్టు. అది విప్పగానే దర్జీ ఆవిడ మొహం వెలిగింది. వాక్యంలో ఒక్కో మాటా ఒక్కో చీటీ మీద రాసి గోడకి గుండుసూదితో గుచ్చాలి, మాటకీ మాటకీ మధ్య దారం కట్టాలి. నామవాచకానికి ఎరుపు. వచ్చి, చూసి, తిని లాంటి అసమాపక క్రియలకి, అంటే మాట ఇంకా మిగిలి ఉందని చెప్పేవాటికి, నీలం. వచ్చాను, తిన్నాను అని మాటని ముగించే సమాపక క్రియకి నలుపు. నల్లదారం ముడి పడితేనే పాఠం అయినట్టు. వాక్యాన్ని ఇంట్లో పెద్దవాళ్ళ నోటి నుంచి తీసుకోవాలని, మొదలుపెట్టింది మధ్యలో వదలకూడదని లావు అక్షరాల్లో ఉంది.

సోమవారం ఉదయం పిల్లలు చీటీలు పట్టుకుని నాన్నమ్మ ముందు కూర్చున్నారు. ఆవిడ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసిన మనిషి.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో," అని అందుకుంది, "ఒకాయన రోజూ పదింటికి ఫోన్ చేసి, నెంబరు చెప్పకుండా, వానొస్తుందా అని అడిగి, నేను కిటికీ వైపు తిరిగి చూసి, ఆ కిటికీ పక్కన కూర్చునే సూపర్‌వైజరమ్మకి కళ్ళజోడు మారి, మారిన కళ్ళజోడు ముక్కు మీద నిలవక..."

మధ్యాహ్నానికి నీలం దారం హాలు దాటింది. సాయంత్రానికి వంటింటిని రెండు చుట్లు చుట్టింది. ఆవిడ తిని, పడుకుని, లేచి, మళ్ళీ ఆపిన చోటే అందుకునేది. మంగళవారం వాక్యం గుమ్మం దాటి మెట్లు దిగింది. బుధవారం పొద్దున్నే కింది వాటాలో ఉండే తాళాలాయన తలుపు తీయబోతే రాలేదు. ఊళ్ళో ఎవరి తలుపైనా తీసే మనిషి కిటికీలోంచి అరిచాడు: "ఏమ్మా, నా తలుపుకి ఏం కట్టారు?"

"తిరిగి, వెతికి, కనుక్కుని," అని చదివింది పెద్దది. "తెంపితే వాక్యం పాడైపోతుంది మావయ్యా."

"నా పేరెందుకు వచ్చింది అందులో? ఇక్కడ తాళాలాయన అని రాసుందే!"

"ఆ వానాయనకి మీలాంటి మీసం అట."

"మంచికేనా, చెడుకా?"

"క్రియ వచ్చేదాకా తెలీదు."

ఆయన ఓ కుర్చీ లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. పనికి వెళ్ళాలన్న ఊసే ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే తనిఖీ మేడమ్ వచ్చింది. ఫైలు చంకలో పెట్టుకుని, నడుం వంచి, నీలం దారాల కింద నుంచి మెట్లెక్కుతూ ఒక్కో చీటీ చదువుకుంటూ వచ్చింది. పైకి చేరేసరికి జుట్టు నిండా గుండుసూదులు.

"నాలుగు వందల పన్నెండు అసమాపక క్రియలు లెక్కపెట్టాను," అంది మేడమ్ వగరుస్తూ. "సమాపక క్రియ ఎక్కడమ్మా?"

"ఇంకా రాలేదండీ. అత్తయ్యా, ఇహ కానివ్వండి, ఆఫీసువాళ్ళొచ్చారు."

అత్తగారు కొంగు సర్దుకుంది. "ఆఫీసువాళ్ళు కూడా వచ్చి, నిలబడి, కుర్చీ లేక..."

"నాన్నమ్మా," చిన్నది ఆవిడ మోకాలు పట్టుకుని అడిగింది, "చివరికి ఏం చేశావు?"

"చివరికా," అంది ముసలావిడ మెల్లిగా. "చివరిదాకా ఎప్పుడు విన్నారే ఎవరైనా? ఎక్స్‌చేంజిలో మూడు నిమిషాలకి లైను పోయేది. ఇంట్లో మీ తాతకి అంతకన్నా ముందే నిద్ర పట్టేసేది. చివర ఏం అనాలో నేనెప్పుడూ ఆలోచించుకోలేదు."

మేడమ్ ఫైలు మూసి నేలమీద చతికిలబడింది. మిషను దగ్గర తల వంచుకున్న కోడలికి, పదేళ్ళుగా తనూ మధ్యలో "సరే అత్తయ్యా" అని లేచిపోవడం గుర్తొచ్చింది.

"ఆయన ఓ రోజు ఫోన్ చేసి," అత్తగారు దారం చూసుకుంటూ అంది, "వాన సంగతి అడక్కుండా, రేపట్నుంచి చెయ్యనని చెప్పి, ఎందుకని నేను అడిగేలోపు లైను పోయి, ఆ గొంతు మళ్ళీ వినపడక, ఇన్నేళ్ళూ పదింటికల్లా కిటికీలోంచి చూస్తూ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు."

పెద్దది నల్లదారం అందుకుని ఆగిపోయింది. "అమ్మా, చెప్పలేదు అంటే చేసినట్టా, చెయ్యనట్టా? దానికి ఏ రంగు?"

సెట్టులో దాని గురించి లేదు. మేడమ్ ముందుమాట నుంచి చివరి అట్ట దాకా తిరగేసింది. ఆఖరికి దర్జీ ఆవిడే లేచి, తన డబ్బాలోంచి తెల్లదారం తీసి, గుమ్మం దగ్గర ముడి వేసింది. కిందనుంచి తాళాలాయన, "అంటే నా మీసం సంగతి మంచికేనా?" అని అరిచాడు. మంచికేనని మేడమ్ అధికారికంగా చెప్పింది.

ఫారంలో దర్జీ ఆవిడ దారాల సెట్టు పేరే రాసింది. కారణం అనే గడిలో చాలాసేపు ఆలోచించి, "దారం మా దగ్గరే ఉంది" అని రాసింది. దారాలన్నీ విప్పి ఉండలు చుట్టడానికి ఇంటిల్లిపాదికీ గంటన్నర పట్టింది, మేడమ్ కూడా ఓ ఉండ చుట్టింది.

ఆ తర్వాత వారం రోజులు అత్తగారు "తిన్నాను", "పడుకుంటాను" అని రెండు ముక్కల్లో తేల్చేసింది. ఇంట్లో అందరికీ కంగారు పుట్టి డాక్టర్ని పిలుద్దామా అని కూడా అనుకున్నారు. ఆదివారం కోడలు మిషను ఆపి, కుర్చీ ఆవిడ పక్కకి జరిపి, "అత్తయ్యా, ఆ సూపర్‌వైజరమ్మ కళ్ళజోడు ఏమైంది?" అని అడిగింది.

"అదా," అంటూ అత్తగారు కాళ్ళు మడుచుకుని కూర్చుంది. పిల్లలు చీటీల కట్ట కోసం పరిగెత్తారు.