ఏడో వరుస దగ్గు

పొద్దున చాయ్ తాగి వనజ ద్రాక్షతోటకు పోతుంది. ఒక్కో వరుస కింద నిలబడి చెవి పెడుతుంది. భైంసా పక్కన ఆ ఊళ్లో తీగలకు రోగం కనపడే రెండు రోజుల ముందే దగ్గొస్తుంది. బూడిద తెగులుకు పొడి దగ్గు, బూజు తెగులుకు తడి దగ్గు. పిండినల్లి పట్టబోతే తీగ గొంతు సవరించుకుంటుంది. దాన్ని బట్టే గంధకం చల్లాలా, మైలుతుత్తం సున్నం కలిపి కొట్టాలా, బెరడు గీకి పురుగును దులపాలా అని వనజ తేల్చుకుంటుంది.

ఆ మాఘంలో, గుత్తులు తీపెక్కే వేళ, ఏడో వరుస దగ్గింది. తడి దగ్గు. వనజ ఆకులు తిప్పి చూసింది. పైన నూనె మరకల్లేవు, కింద తెల్ల బూజు లేదు. నాలుగు రోజులైనా దగ్గు ఆగలేదు, మచ్చ రాలేదు.

పక్క తోట బాలమల్లు గట్టు మీది నుంచి కేకేసిండు. "ఇంకేం చూస్తున్నవ్? మందు కొట్టు. పంటంత పోతది!"

"పది దినాలల్ల కోత ఉన్నది కాకా. ఇప్పుడు కొడితే మందు పండ్ల మీదనే ఉంటది."

తోటల ఆఫీసరు మమతారాణికి ఫోన్ చేసింది. ఆమె వచ్చి భూతద్దంతో ఇరవై ఆకులు చూసి, మొదలుకు చెవి ఆనించింది.

"తెగులు లేదు, మందు కొట్టకు. ఇది మనిషి దగ్గు వనజా. గీ వరుసల ఎవరు పనిచేస్తరు?"

వనజ కొడుకు సంపత్ మస్కట్ పోయినప్పటి నుంచి ఆ వరుసను మామ దశరథమే చూసుకుంటున్నడు.

ఇంటికి ఉరికింది. "మామా, నీకు దగ్గొస్తుందా?"

ముసలాయన తల దించుకున్నడు. "ఇంట్ల దగ్గితే నువ్వు పరేషానైతవని తోటల దగ్గుతున్న బిడ్డా. మా అన్న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే పాయె. నాది గూడ గదే. సంపత్‌కు చెప్పకు, పని ఇడిసి వస్తడు."

తెల్లారి నిర్మల్ దవాఖానకు తీసుకపోయింది.

"ఎన్ని రోజుల నుంచి దగ్గు?" అని డాక్టర్ అడిగిండు.

"ఈయనకు నెలన్నరసంది, తీగకు నాలుగు దినాలసంది సార్."

డాక్టర్ రెండూ రాసుకున్నడు. ఎక్స్‌రే తీసిండ్రు, తెమడ పరీక్ష చేసిండ్రు. పగటీలి రిపోర్టులు వచ్చినంక డాక్టర్ వనజను లోపలికి పిలిచిండు.

"క్యాన్సర్ కాదమ్మా, టీబీ. ఆరు నెలలు తప్పకుండ మందులు మింగితే నయమైతది. మంచి టైంకే తెచ్చినవ్. నువ్వు కూడ పరీక్ష చేయించుకో."

బయట బెంచీ మీద కూర్చున్న దశరథానికి వనజ వచ్చి చెప్పిన ఆ మాట ఓ పట్టాన ఎక్కలేదు. "కాదన్నడా? జర మల్ల అడుగు బిడ్డా."

వనజ మళ్లీ పోయి అడిగొచ్చింది. "కాదట మామా!"

ముసలాయన దవాఖానల ఇచ్చిన మాస్కు లోపలే వెక్కి వెక్కి ఏడ్చిండు. తువ్వాలతో కళ్లు తుడుచుకుని, చాలా రోజుల తర్వాత నిండుగా ఊపిరి వదిలిండు.

"ఆకలైతుంది. గేటు కాడ మిర్చీలు వేస్తుండ్రు, వాసనొస్తుంది."

వనజకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చినయ్. "ఆగు, కారం తినొచ్చునో లేదో అడిగొస్త" అంటూ మూడోసారి డాక్టర్ గదిలోకి పోయింది.