పావుగంట వెనకటి అద్దం

మేడమీది ఆ జిమ్‌లో పొద్దున ఆరింటికి షట్టర్ లేస్తుంది. మేనేజర్ ఫ్యాన్లు వేసి, ఎవరో చిందరవందరగా పడేసిన డంబెల్స్ వరసలో సర్ది, హాజరు పుస్తకం తెరుస్తాడు. ఏడింటికి ఆడవాళ్ళ బ్యాచ్. వాళ్ళ ట్రైనర్‌ని అందరూ కోచమ్మ అంటారు. ఆ పిల్ల నవ్వితే గదిలో ఇంకో కిటికీ తెరిచినట్టుంటుంది. బ్యాచ్‌లో అంతా ఆడవాళ్ళేనని నమ్మకం కుదిరాకే ఇంట్లో ఆమెని ఈ ఉద్యోగానికి పంపారు. ఇది పోతే ఇంకో గడప తొక్కనివ్వరు.

గోడంతా పరుచుకున్న అద్దం అన్నీ పావుగంట ఆలస్యంగా చూపిస్తుంది. అలా ఉంటేనే సుఖం అంటారు అందరూ. గుంజీళ్ళు తీసి, నీళ్ళు తాగి, తీరిగ్గా వచ్చి నిలబడితే తమ నడుము ఎక్కడ వంకరపోయిందో కనిపిస్తుంది. జుట్టు సర్దుకోవడానికి మాత్రం ఫోనే గతి.

ఆ నెల బ్యాచ్ సగమైంది. మొదట ఇద్దరు మానేశారు, వాళ్ళ వెనకాలే ఇంకో నలుగురు. ఎదురు సందులో కొత్త జిమ్ తెరిచిందీ ఆ నెలే. మేనేజర్ బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. కోచమ్మే వీళ్ళని అటు తోలుతోందా?

అప్పట్నుంచి ఏడు కొట్టేసరికి స్తంభం వెనక చేరేవాడు. ఆమె గుసగుసలాడితే అనుమానం, మాట్లాడకపోతే ఇంకా అనుమానం. ఆమె ఎవరి దగ్గరికెళ్తే ఆయన చూపూ అక్కడికే.

మంగళవారం దొరికింది. మోకాళ్ళ నొప్పుల టైలరమ్మ చేతిలో కోచమ్మ ఏదో కాయితం పెట్టింది. కాసేపటికే టైలరమ్మ వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ కదిలేదాకా ఆగి, ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ముందే రాసిపెట్టుకున్న ఉత్తరం జేబులో తడుముకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, ఎదురు సందువాళ్ళు నిన్నెప్పుడు రమ్మన్నారు?"

"నన్నెవరు రమ్మన్నారు సార్?"

"నా దగ్గరా నాటకాలు? టైలరమ్మకి కాయితం ఇచ్చావా లేదా?"

"ఇచ్చాను. ఇంట్లో చేసుకునే వ్యాయామాలు రాసిచ్చాను. ఇక్కడ నావల్ల కాదు తల్లీ, రేపట్నుంచి రాను అంది."

"ఎందుకు కాదట?"

కోచమ్మ తల దించుకుంది.

"చూశావా, నోరు పెగల్లేదు! పద, అద్దంలోనే చూద్దాం."

ఇద్దరూ అద్దం ముందు నిలబడ్డారు. అందులో ఇంకా పావుగంట కిందటి పొద్దు. టైలరమ్మ చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాలు మెల్లగా పైకి లేపుతోంది. కోచమ్మ పక్కన కూర్చుని చేత్తో లెక్క చూపిస్తోంది. ఉన్నట్టుండి టైలరమ్మ కాలు గాల్లోనే ఆగింది. గబుక్కున లేచి చొక్కా కిందికి లాక్కుంది, కాయితం పిడికిట్లో నలిపేసి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా నడిచింది. పక్కనున్న ఇద్దరూ తువ్వాళ్ళు భుజాల మీదుగా కప్పుకున్నారు.

"దేన్ని చూసి లేచిందావిడ?" అన్నాడు మేనేజర్.

ఆయనే టైలరమ్మ చూపు వెంట వెతికాడు. స్తంభం పక్కన సగం మొహం. రెప్ప వెయ్యని ఒక కన్ను. ఎవరో దొంగ వెధవ అనుకున్నాడు. ఆ వెధవ చొక్కా తన ఒంటి మీదే ఉంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నేను... నిన్ను కనిపెడుతున్నానమ్మా. వాళ్ళని కాదు."

"ఆ సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది సార్?"

జేబులో చెయ్యి ఉత్తరాన్ని ఉండచుట్టింది.

"ఏడు నుంచి ఎనిమిది దాకా తాళాలు నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు చివరికి. "నా బల్ల మెట్ల కింద వేసుకుంటా. వాళ్ళందరికీ నువ్వే చెప్పు."

శుక్రవారం టైలరమ్మ గుమ్మంలోనే ఆగింది. "ఆయనేడే?"

"కింద, మెట్ల దగ్గర."

"నిజంగా?"

"నిజంగా పెద్దమ్మా."

టైలరమ్మ మళ్ళీ మెట్లు దిగి, ఆయన కూర్చున్నాడో లేదో చూసుకుని, అప్పుడు పైకొచ్చింది.