చేనిలో పరుగు బాట

సుదర్శన్ మంచివాడని కల్యాణదుర్గంలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆయన బట్టల కొట్టుకు వెళ్తే ముందు కుర్చీ వేస్తాడు, నీళ్లు ఇప్పిస్తాడు, ఆ తర్వాతే చీరలు విప్పుతాడు. అబద్ధం ఆడడు. నన్ను ముంచింది ఆ గుణమే. అందుకే నా బాధ ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చెబితే నన్నే తప్పుపడతారు.

మా చేను కంబదూరు రోడ్డు పక్కన ఉంది. రోడ్డు నుంచి గుట్ట వైపు సాగే ఎర్రనేల. మూడేళ్ల కిందట సుదర్శన్‌కు షుగర్ వచ్చింది. పొద్దున్నే పరుగెత్తమని డాక్టరు చెప్పాడు. టౌనులో పరుగెత్తితే తెలిసినవాళ్లంతా ఆపి ఏమైంది శెట్టీ అని అడుగుతున్నారని, స్కూటరు మీద ఇంత దూరం వచ్చేవాడు. మొదట్లో గట్టు మీద పరుగెత్తేవాడు. గట్టంతా రాళ్లూ ముళ్లూ. ఒకరోజు కాలు మెలికపడింది. చేనిలోకి దిగి పరుగెత్తు, మెత్తగా ఉంటుందని నేనే చెప్పాను. ఆ ఏడు వాన లేదు, విత్తనమే వేయలేదు. ఖాళీ నేల మీద ఒక మనిషి నడిస్తే ఏం పోతుంది అనుకున్నాను.

మెల్లగా ఆయన వెంట ఇంకా కొందరు రావడం మొదలుపెట్టారు. ఆదివారమైతే ఎనిమిది మంది, పది మంది. రోడ్డు దగ్గర దిగి, మా చేని మధ్యగా వెళ్లి, గుట్ట చుట్టి, మళ్లీ మా చేనిలోంచే వచ్చేవాళ్లు. ఇంత నిమ్మళం ఇంకెక్కడా లేదని మెచ్చుకునేవాళ్లు. ఆ నిమ్మళం నా బోరు ఎండిపోవడం వల్ల వచ్చింది. మోటారు ఆడే చేను అంత నిశ్శబ్దంగా ఉండదు. ఆ సంగతి నేను చెప్పలేదు.

మరుసటి ఏడు వాన పడింది. శనక్కాయ వేసేటప్పుడు వాళ్లు పరుగెత్తే చోటు వదిలి విత్తమని ట్రాక్టరతనికి చెప్పాను. పోయిన ఏడూ అంతే. నా భార్య సువర్ణ ఊరుకోలేదు.

"పన్నెండడుగులు వదిలితివి. వాళ్లేమన్నా పల్లకీ మోసుకొని పోతారా?"

నోరు మూసుకోమన్నాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని. టౌనులో ఏ ఆఫీసుకు వెళ్లినా నిలబెట్టే మాట్లాడతారు. అలాంటిది బూట్లు, వాచీలు పెట్టుకున్నవాళ్లు నా గట్టు మీద కూర్చుని, అన్నా అన్నా అని పది నిమిషాలు మాట్లాడి వెళ్తుంటే నాకు బాగుండేది. అది సువర్ణకు ఎలా చెప్పను?

ఈ ఏడు ఎండాకాలంలో వాళ్లు పరుగు పందెం పెట్టుకున్నారు. సుదర్శన్ రెండు బస్తాల సున్నం పొడి తెచ్చాడు. వాళ్లు పోసిన గీత పాములాగా వంకరగా పోయింది. చూడలేకపోయాను. మేకులు కొట్టి, తాడు పట్టి, సరిహద్దుకు వేసినట్టు రెండు పక్కలా నేనే తిన్నగా వేశాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నాలుగో రోజు మా ఊరి మీద సర్వే డ్రోను ఎగిరింది. ఎవరి హద్దుల మీద వాళ్లు సున్నం వేసి పెట్టండి, పైనుంచి కనపడాలి అని ముందే దండోరా వేశారు. నేనూ నా హద్దులకు వేశాను. చేని మధ్యలో ఉన్న గీతలు నా బుర్రకు తట్టనే లేదు. డ్రోను తల మీద తిరుగుతుంటే కాసేపు చూసి అన్నానికి పోయాను.

రెండు నెలలకు పంచాయతీ ఆఫీసు గోడకు కొత్త పటం అంటించారు. నా చేను రెండు ముక్కలై ఉంది. మధ్యలో రెండు గీతలు, వాటి నడుమ 'రస్తా' అని రాసి ఉంది. ఆ రస్తా తిన్నగా వెనకాల శ్రీరంగప్ప చేనికి పోయి తాకుతోంది. శ్రీరంగప్ప ఆరెకరాలకు దారి లేదు. ఇరవై ఏళ్లుగా నన్ను అడుగుతున్నాడు, నేను ఇవ్వలేదు.

అభ్యంతరం ఉంటే గురువారం చేని దగ్గరే చెప్పుకోమన్నారు. ఆ రోజు సోమవారం. సుదర్శన్‌కు ఫోన్ చేశాను.

"వస్తా తిప్పన్నా. ఉన్నది ఉన్నట్టు చెప్తా. భయమెందుకు?"

ఆ మాటకే నాకు భయం వేసింది. "ఒక్కరోజు పందెం పెట్టుకుంటిమి, అంతే అని చెప్పు శెట్టీ," అన్నాను. చూద్దాంలే అని పెట్టేశాడు.

మంగళవారం ట్రాక్టరతన్ని పిలిచాను, ఆ బాట దున్నించేద్దామని. వచ్చాక సువర్ణ అడ్డుపడింది. ఫోటో వాళ్ల దగ్గరుంటే ఇప్పుడు దున్నడం దొంగతనం లాగుంటుందంది. నిజమే అనిపించి వెనక్కి పంపాను. బుధవారం పార తీసుకుని నేనే వెళ్లాను. మూడేళ్ల అడుగులకు ఆ నేల గచ్చులాగా అయింది. పార ఎగిరెగిరి పడింది. పది చోట్ల కొట్టి చూశాను, ఎక్కడా బెత్తెడు లోతు దిగలేదు. సుదర్శన్‌కు మళ్లీ ఫోన్ చేద్దామని రెండుసార్లు జేబులోంచి తీసి, ఏం చెబుతాడోనని లోపల పెట్టుకున్నాను.

గురువారం పది గంటలకు సర్వేయరు వచ్చాడు. కుర్రవాడే, మర్యాదగా ఉన్నాడు. శ్రీరంగప్ప అంతకుముందే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. నేను వాణ్ని తిడితే నవ్వాడు.

"దారి ఉండాదని నేనేమన్నా చెప్పినానా తిప్పన్నా? నేల చెప్తాండాది."

ఇంతలో సుదర్శన్ స్కూటరు కనపడింది. నా కళ్లు ఆయన నోటి మీదే ఉన్నాయి. ఇది ఎప్పటినుంచీ ఉన్న దారేనా అని సర్వేయరు అడిగాడు.

"కాదు సార్. ఇది దారి కాదు," అన్నాడు సుదర్శన్. "మేము పరుగెత్తేకి తిప్పన్న ఇచ్చినాడు."

అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. ఎన్నాళ్లు పరుగెత్తారని సర్వేయరు రెండో ప్రశ్న వేశాడు. ఒక్కరోజు అనాలి. సుదర్శన్ నా వైపు చూశాడు, తల దించుకున్నాడు, జేబులోంచి ఫోన్ తీశాడు.

"మూడేండ్లు సార్. పరుగెత్తిందంతా ఈడ ఎక్కుతాది, చూడండి. ఆరునూర్ల పన్నెండు సార్లు."

తెర మీద నా చేని మధ్యలో ఎర్రటి గీత. సర్వేయరు తన పటం పక్కన పెట్టి చూశాడు. రెండూ ఒకటే.

"ఎప్పుడన్నా అడ్డం చెప్పినారా?"

"లేదు సార్. అడ్డం చెప్పే మనిషి కాదు తిప్పన్న."

మెచ్చుకోవడానికే అన్నాడు. సర్వేయరు ఆ మాటే రాసుకున్నాడు. ఆ సున్నం పందెం కోసం నేనే వేశానని, నా చేతులతో నేనే వేశానని మొత్తుకున్నాను. ఆయన కోప్పడలేదు.

"దున్నకుండా వదిలిన నేల, మూడేండ్లు తొక్కిన జనం, తాడు పట్టి వేసిన హద్దు. నేనేం రాయల్ల అన్నా, నువ్వే చెప్పు."

శ్రీరంగప్ప లేచి పంచె దులుపుకున్నాడు. సుదర్శన్ నా దగ్గరికి వచ్చి, నేనేమన్నా తప్పు చెప్పినానా అని అడిగాడు. తప్పేమీ చెప్పలేదు. అందుకే జవాబివ్వకుండా ఇంటికి వచ్చేశాను.

మళ్లీ రెండుసార్లు అర్జీ పెట్టాను. ఫోన్‌లో ఉన్నదాని ముందు నా మాట నిలబడలేదు. పోయిన నెల కొత్త పాసుపుస్తకం ఇచ్చారు. మా నాయన నాకు పంచి ఇచ్చింది నాలుగెకరాల అరవై రెండు సెంట్లు. ఇందులో నాలుగెకరాల నలభై నాలుగే ఉంది. పోయింది పద్దెనిమిది సెంట్లు.