శ్రీకర్ పేరుతో సంతకం

మా ఆయన శ్రీకర్‌కి దేవుడి మీద నమ్మకం అంతంత మాత్రం. ఆయుధ పూజ మీద మాత్రం మహా భక్తి. దసరా నాడు ఆస్ట్రేలియాలో, టూవూంబాలోని మా గరాజ్‌లో కారుకీ, గడ్డి కోసే మెషీన్‌కీ, డ్రిల్లుకీ, చివరికి సర్వర్‌కీ కుంకుమ బొట్టు పెట్టేవాడు. ఆ తరవాత కీబోర్డు ముందు కూర్చుని తన డిజిటల్ సంతకానికి మరో ఏడాది గడువు పొడిగించుకునేవాడు. "లైసెన్స్ రెన్యూ చేయించుకున్నట్టే. పండగ రోజైతే మర్చిపోం కదా" అనేవాడు. ఈ ఏడు శ్రీకర్ లేడు. సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో పండుగలు లేవు. దసరా వచ్చిందీ వెళ్ళిందీ నేను పట్టించుకోలేదు. సంతకానికి గడువు తీరిపోయింది.

ఆ సంతకం దేనికో చెప్పాలి. ఇక్కడినుంచి పడమటికి పోతే ఊళ్ళు చిన్నవి, క్లినిక్‌లు మరీ చిన్నవి. అక్కడ ఉన్నది శాటిలైట్ ఇంటర్నెట్, గట్టిగా మబ్బు పడితే అదీ ఉండదు. క్లినిక్‌లో ఉన్నవన్నీ విండోస్ బదులు లినక్స్‌తో నడిచే కంప్యూటర్లు. ఒక్కొక్కటీ విడివిడిగా అప్‌డేట్లు దించుకోవాలంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకని శ్రీకర్ ప్రతి క్లినిక్ అలమరలో ఒక చిన్న పెట్టె పెట్టాడు. ప్యాకేజీలు ఒక్కసారి అందులోకి వస్తే చాలు, మిగతా కంప్యూటర్లన్నీ అక్కడినుంచే తీసుకుంటాయి. దాన్ని మిర్రర్ అంటారు. లోపల తెచ్చే పని ఒక కంటైనర్‌ది, వడ్డించే పని ఇంకో కంటైనర్‌ది. టిఫిన్ క్యారియర్ గిన్నెల్లాగా, సాంబారు ఒలికినా పెరుగన్నం పాడవదు.

ఒకసారి ఏదో పనికిమాలిన అప్‌డేట్ పడి, రక్తం సీసాలకు అంటించే లేబుళ్ళ ప్రింటర్ ఆగిపోయింది. అప్పటినుంచి ప్రతి అప్‌డేట్‌నీ ముందు మా గరాజ్‌లో పరీక్షించి, సంతకం వేసి పంపేవాడు. ఆ సంతకం లేనిదేదీ క్లినిక్‌లో ఇన్‌స్టాల్ కాదు. ఇన్‌స్టాల్ అయ్యాక ఎవరు సంతకం చేశారో, ఏ రోజు చేశారో తెర మీద కనబడేలా పెట్టాడు. ఏదైనా తేడా వస్తే ఆ మనిషికి ఫోన్ చేయాలన్నమాట.

చలికాలంలో అలాంటి ఒక క్లినిక్ నుంచి తిరిగొస్తుంటే హైవే మీద కంగారూ అడ్డొచ్చింది. దాన్ని తప్పించబోయాడు. అది బతికిందని పోలీసులు చెప్పారు.

దసరా వెళ్ళిన వారానికి ఆండాళ్ ఆంటీ ఫోన్ చేసింది. రోమా అనే ఊరికి అవతల ఒక క్లినిక్‌లో నర్స్ ఆవిడ, భీమవరం మనిషి. డాక్టరు అప్పుడప్పుడూ వస్తాడు. మిగతా రోజుల్లో క్లినిక్ అంటే ఆవిడే.

"కిరణ్మయీ, అప్‌డేట్ కొడుతుంటే సిగ్నేచర్ ఎక్స్‌పైర్డ్ అంటందమ్మా. ఫ్రైడేలోగా కొత్త సాఫ్ట్‌వేర్ పడకపోతే ప్రిస్క్రిప్షన్లు ఆగిపోతాయంట. మా ముసలాళ్ళు మందుల కోసం ఎక్కడికని డ్రైవ్ చేస్తారు?"

"చూస్తానాంటీ" అన్నాను. నేను యూనివర్సిటీలో చేసేదీ ఈ కంప్యూటర్ల ఉద్యోగమే కాబట్టి కుదరదు అనడానికి లేదు.

గడువు పొడిగించాలంటే శ్రీకర్ పాస్‌ఫ్రేజ్ కావాలి. నా పేరు కొట్టాను, కాదంది. మా పెళ్ళిరోజు కొట్టాను, అత్తగారి పేరు కొట్టాను, మొదట కొన్న డొక్కు కారు పేరు కొట్టాను. దేనికీ ఒప్పుకోలేదు. గ్యాస్ కట్టేశావా, తలుపేశావా అని రోజూ నా ప్రాణం తీసేవాడు. ఈ ఒక్క ముక్క నాతో చెప్పి చావాలని మాత్రం తోచలేదు. గరాజ్‌లో ఒక్కదాన్నే నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంకా ఇంట్లోనే ఉన్న మనిషిని తిడుతున్నట్టు కాస్త హాయిగా అనిపించింది.

యూనిలో నా పక్క సీటు సుమంత్‌ని అడిగాను. "సింపుల్ అక్కా. కొత్త కీ చేసి, పాతది ట్రస్ట్‌లోంచి తీసెయ్" అన్నాడు. కీ అంటే సంతకం వేసే ముద్ర, ట్రస్ట్ అంటే పెట్టె నమ్మే ముద్రల జాబితా. వాడన్నది నిజమే, కాఫీ చల్లారేలోగా అయ్యే పని. కానీ ఆ క్లినిక్ కంప్యూటర్లు ఇన్నాళ్ళూ నమ్మింది శ్రీకర్‌ని. ఇక అతన్ని నమ్మవద్దని నేనే వాటికి చెప్పాలి. అతని బట్టలు ఇచ్చేశాను, కరెంటు బిల్లు మీద పేరు మార్పించాను. ఇది మాత్రం నా వల్ల కాలేదు.

కొత్త కీ చేసేటప్పుడు పేరు అడుగుతుంది. ఆ పేరు నిజమా అబద్ధమా అన్నది దానికి అనవసరం. శ్రీకర్ అని కొట్టాను. అది దొంగ సంతకమని నాకు తెలుసు. ఇంకెవరైనా ఈ పని చేస్తే ఇల్లెక్కి అరిచేదాన్ని. అయినా చేశాను. ఆ కీని గరాజ్ నుంచే క్లినిక్ పెట్టెలో పాతదాని కింద చేర్చి, కొత్త సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించి, శ్రీకర్ పేరుతో సంతకం వేసి పంపాను. చాలా రోజుల తరవాత ఆ పూట కూర్చుని అన్నం తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆండాళ్ ఆంటీ మళ్ళీ ఫోన్ చేసింది.

"సాఫ్ట్‌వేర్ పడిందమ్మా" అంది.

"ప్రింటర్ పనిచేస్తోందా ఆంటీ?"

"చేస్తంది. శ్రీకర్ పేరొచ్చింది. నిన్నటి డేట్‌తో. ఒక్క క్షణం నిజమే అనుకున్నాను కిరణ్మయీ. ఆ రోజు ఇక్కడే కదా, టీ తాగి బయల్దేరాడు."

ఆ టీ సంగతి నాకు తెలియదు.

"ఆ పేరు నేనే పెట్టానాంటీ."

"తెలుసులే అమ్మా. నిన్నేమీ అనను. నీ చోట నేనున్నా అదే చేద్దునేమో. ఒక్కటి చెప్పు. రేపు ఇందులో ఏదో తప్పొచ్చి, ఎవరికో డోస్ తేడా పడిందనుకో. ఈ పేరు చూసి నేనెవరికి ఫోన్ చెయ్యాలి?"

అంత్యక్రియలప్పుడు గానీ, ఆ తరవాత వచ్చిన ఫోన్లలో గానీ ఆ మాట నా నోటితో అనలేదు. యాక్సిడెంట్ అయిందనేదాన్ని. మిగతాది వాళ్ళే అర్థం చేసుకునేవారు.

"శ్రీకర్ చచ్చిపోయాడాంటీ" అన్నాను. "నాకు చెయ్యండి."

ఏడుపు ఆగలేదు. ఆంటీ ఫోన్ పెట్టేయలేదు. అక్కడ ఎవరో పేషెంట్ వస్తే "టూ మినిట్స్, డార్లింగ్" అని కూర్చోబెట్టి మళ్ళీ లైన్లోకి వచ్చింది. నా ఏడుపు నెమ్మదించాక "నీ పేరు పెట్టమ్మా, నేను మళ్ళీ అప్‌డేట్ కొడతాను" అంది.

నా పేరుతో కీ చేశాను. సాఫ్ట్‌వేర్‌కి మళ్ళీ సంతకం వేసి పంపాను. ఇక మిగిలింది క్లినిక్ పెట్టెలోంచి శ్రీకర్‌ని తీసేయడం. గడువు తీరిన అతని సంతకం, దాని కింద నేను చేసిన దొంగది, రెండూ తీయాలి. దొంగది తీయడానికి చెయ్యి ఆడింది. శ్రీకర్ అసలు సంతకం దగ్గర, నిజంగా తీసేయమంటావా అని కంప్యూటర్ అడిగింది. y కొట్టి ఎంటర్ నొక్కాను.

ఇలాంటి ఆజ్ఞలకు, పని సవ్యంగా జరిగితే లినక్స్ ఒక్క మాట కూడా అనదు. కుదరకపోతేనే ఎర్రర్ చూపిస్తుంది. నేను కుర్చీలోంచి లేవకుండా తెర వంకే చూస్తూ ఉండిపోయాను, ఒక్క ఎర్రర్ అయినా వస్తుందేమోనని. రాలేదు.