వరుసలో నాలుగోవాడు

దొంగను గుర్తుపట్టించాలంటే ముందు వాడిలాంటి వాళ్ళను ఇంకొందరిని తయారు చెయ్యాలి. చట్టం అలా చెప్పింది మరి. వాడికి మీసం లేకపోతే పక్కన నిలబడేవాళ్ళకూ ఉండకూడదు. అప్పుడు సాక్షి వచ్చి వాళ్ళలోంచి అసలువాణ్ణి చూపించాలి. జైల్లో ఈ తయారీ పని బార్బరుది. అతని కత్తెర పడ్డాక కన్నతల్లి కూడా పోల్చుకోలేదని వార్డరు మెచ్చుకుంటూ ఉండేవాడు.

ఆ రోజు సాక్షి అతని కన్నతల్లే.

కిందటి వారం ఆవిడ బజారు నుంచి వస్తుంటే ఎవడో చేతిసంచీ లాక్కుని పారిపోయాడు. ఆ పెనుగులాటలో కళ్ళజోడు పడి పగిలింది. అది లేకపోతే ఆవిడకు మనిషికీ తలుపుకీ తేడా తెలీదు. "పోల్చుకోగలరా అమ్మా?" అని పోలీసులు అడిగితే, "భేషుగ్గా" అంది. తెలీదన్న మాట పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట రాలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎవరైనా దారి అడిగితే, తనెప్పుడూ వినని వీధికైనా సరే, దారి చెప్పి మరీ పంపించేది.

"కొత్త కళ్ళజోడు వచ్చేదాకా ఆగమ్మా" అని కొడుకు బతిమాలాడు.

"నా కళ్ళకేం రోగం?" అంది.

పోలీసులు పట్టుకొచ్చినవాడు గోడలకు రంగులేసే మనిషి. సంచీ దొరకలేదు, చూసినవాళ్ళు లేరు. ఆవిడ వేలు ఎటు తిరిగితే కేసు అటు.

"నేను కాదన్నా" అన్నాడు వాడు, గడ్డం గీయించుకుంటూ.

"అందరూ అదే అంటారు" అన్నాడు బార్బరు. నిజానికి అందరూ అనరు. ఎన్నేళ్ళు పడుతుందని అడిగేవాళ్ళే ఎక్కువ.

"మా అమ్మకింకా ఎవరూ చెప్పలేదు. పొరుగూళ్ళో పనిలో ఉన్నాననుకుంటోంది."

వాడు దొంగో కాదో బార్బరుకి తెలీదు. తన తల్లి సంగతి మాత్రం బాగా తెలుసు. ఆవిడ ఎవరో ఒకర్ని చూపించకుండా ఇంటికి రాదు.

ఇంతలో వరుస కోసం తెచ్చినవాళ్ళలో ఒకడు, ప్రాణం పోయినా మీసం తియ్యనివ్వనని అలిగి వెళ్ళిపోయాడు. వార్డరు తల పట్టుకున్నాడు.

"నేను నిలబడతాలెండి" అన్నాడు బార్బరు. తెలిసిన మొహం ఒకటుంటే అమ్మ వేలు అటే పోతుందని అతని ఆలోచన. సంచీ పోయిన పూట అతను ఈ జైల్లోనే ఖైదీలకు జుట్టు కత్తిరిస్తున్నాడు కాబట్టి తనకొచ్చే ముప్పు లేదు. సాక్షి నీకేమవుతుందని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పెళ్ళినాటి నుంచి పెంచుకున్న మీసాన్ని తనే తీసేసుకుని వెళ్ళి వరుసలో నిలబడ్డాడు.

మేజిస్ట్రేటు వచ్చారు. తర్వాత తల్లి వచ్చింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపమూ ఎరగనివాళ్ళంతా బెదురు చూపులు చూశారు. రంగులవాడు కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ఒక్కొక్కరికీ ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్ళి చూసింది. నాలుగోవాడి దగ్గర ఆగింది.

"వీడే."

"సరిగ్గా చూడండమ్మా" అన్నారు మేజిస్ట్రేటు.

"ఈ మొహం నాకు తెలీదా బాబూ?"

వార్డరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆయన మన బార్బరేనని, ఆ పూట ఇక్కడే పనిలో ఉన్నాడని చెప్పాడు. సాక్షి ముద్దాయిని గుర్తుపట్టలేదని మేజిస్ట్రేటు రాసుకున్నారు. ఇక వదిలెయ్యడం తప్ప దారి లేదని పోలీసాయన మొహం మాడ్చుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే బార్బరుకి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. "కళ్ళజోడు వచ్చేదాకా ఆగమంటే విన్నావా? కన్నకొడుకునే దొంగన్నావు" అన్నాడు.

"నీ పౌడరు వాసనకి కళ్ళజోడెందుకురా?"

అతను ఆగిపోయాడు. "నేనని తెలిసే చూపించావా?"

"మరేం చెయ్యను? దొంగెవడో నాకు తెలీదు."

ఆ మాట ఆవిడ నోట వినడం అతనికి అదే మొదలు.

"నిన్ను లోపలేస్తే నేనొచ్చి ఆ జైలు గుమ్మంలో కూర్చుని విడిపించుకుంటాను. వేరేవాణ్ణి చూపిస్తే, పాపం వాళ్ళమ్మ ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?"

అతను ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

"మీసం మళ్ళీ పెంచు" అందావిడ అటువైపు చేరాక. "దొంగమొహంలా ఉంది."