దూలం బదులు మాస్టారు

పొద్దున్నే వంట ముగించి, కూతురికి జడ వేసి బడికి పంపి, టైలరమ్మ క్యారియరూ తువ్వాలూ పట్టుకుని హాలుకి బయల్దేరుతుంది. బోర్డు మీద 'ప్రజా వినోద కేంద్రం' అని రాసున్నా అందరూ దాన్ని హాలు అనే అంటారు. పెచ్చులూడిన గోడలు, తలుపులు సరిగా పడని మరుగుదొడ్లు, వలలు చిరిగిన టేబుల్ టెన్నిస్ బల్లలు. ఆ బల్లల మధ్య సిమెంటు దిమ్మ మీద, కుడి చెయ్యి పైకెత్తి పైకప్పుని పట్టుకుని, ఆవిడ మొగుడు నిలబడి ఉంటాడు.

ఆవిడ ముఖం తుడుస్తుంది, ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది, గడ్డం మాసితే గీస్తుంది. మిగతా అవసరాల సంగతి అడక్కండి, మనిషన్నాక ఏదో ఒక ఏర్పాటు ఉంటుంది. చుట్టూ పిల్లలు ఆడుకుంటూనే ఉంటారు. బంతి దొర్లుకుంటూ వచ్చి దిమ్మ మీద ఆయన పాదాల మధ్య ఇరుక్కుంటే, "మాస్టారూ, కాలు తీయండి" అంటారు. ఆయన కాలు తీస్తాడు. చెయ్యి మాత్రం తియ్యడు.

ఆవిడ కడుపుతో ఉన్న రోజుల్లో జరిగిందది. జోరువాన. మాస్టారు పిల్లలకి బ్యాటు పట్టడం నేర్పుతుంటే పైన దూలం ఫెళ్ళుమంది. కప్పు ఆ చోట బుంగలా కిందికి దిగింది. ఆయన బెంచీ ఎక్కి అరచెయ్యి ఆనించాడు. కప్పు ఆగింది. పిల్లలందరూ క్షేమంగా బయటపడ్డారు. కమిటీ ప్రెసిడెంటైన మందుల షాపాయన గొడుగేసుకుని పరుగున వచ్చి, "కాస్త అలాగే ఉండండి మాస్టారూ, దూలం తెప్పిస్తా" అన్నాడు.

తెప్పిద్దామనే అనుకున్నాడు పాపం. చందాలు కూడా వసూలు చేశాడు. ఈలోగా కప్పు దిగడం లేదు కదా అని ఆ చందాలతో ముందు డ్రైనేజీ బాగుచేయించారు. ఆ తరువాతి చందాలు గేటుకి పోయాయి. ఇంకోసారి రంగులు. ప్రతి ఖర్చూ న్యాయమైనదే, కాదనడానికి లేదు. బెంచీ మీద నిలబడి మాస్టారి కాళ్ళు పీకుతున్నాయని ఆయన కోసం సిమెంటు దిమ్మ కూడా కట్టించారు. దాని మీద నున్నటి టైల్స్ వేయించారు. ఇలాంటి మర్యాదలకేం లోటు చెయ్యలేదు. కూతురు పుడితే టైలరమ్మే పసిగుడ్డుని హాలుకి తీసుకెళ్ళి చూపించింది. ఆయన ఎడమ చేత్తో ఎత్తుకుని మురిసిపోయాడు. ఆవిడ అమ్మ పోయినప్పుడు మాత్రం శ్మశానంలో ఆవిడ పక్కన ఎవరూ లేరు.

ఒక చందాల సభలో ప్రెసిడెంటు మైకు పట్టుకుని, "మాస్టారంటే ఎవరనుకున్నారు? ఈ కేంద్రానికి మూలస్తంభం!" అన్నాడు. చప్పట్లతో హాలు మార్మోగింది. ఆ మాట అలా ఉండిపోయింది. ఎవరొచ్చినా "ఈయనే మా మూలస్తంభం" అని పరిచయం చేసేవారు. మాస్టారు ఛాతీ విరుచుకునేవాడు. టైలరమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. మనిషిని పొగిడి పొగిడి అక్కడే పాతేస్తున్నారని ఆవిడ బాధ.

ఈ ఏడాది పెద్ద నిధే వచ్చింది. ఎక్కడో ఒక సంస్థ పాత హాళ్ళ మరమ్మతుకి డబ్బిస్తోందట. ముందు వాళ్ళ ఇంజనీరు వచ్చి చూడాలి, ఏది అవసరమంటే అది చేయిస్తారు. టైలరమ్మ ఆ రోజు షాపు కట్టేసి, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని హాలుకి వెళ్ళింది. ఈసారి దూలం వస్తుంది, మనిషి ఇంటికొస్తాడు. ఆవిడకి కావలసింది అదొక్కటే.

ఇంజనీరు సుత్తితో గోడలు తట్టాడు, మూలల్లో స్తంభాలు తట్టాడు. దిమ్మ దగ్గరికొచ్చి ప్రెసిడెంటు వైపు తిరిగాడు.

"మూలస్తంభం అన్నారు, ఇదేనా?"

"ఇదేనండీ."

ఇంజనీరు సుత్తి జేబులో పెట్టుకుని, మర్యాదగా వేళ్ళతోనే మాస్టారి మోకాలి మీద తట్టి చూశాడు. భుజం నొక్కాడు.

"గట్టిగానే ఉంది" అన్నాడు.

"అయ్యా, అది మనిషండీ!" అంది టైలరమ్మ.

"తెలుసమ్మా. పగుళ్ళేం లేవు" అన్నాడతను. ఎగతాళిగా అన్న మాట కాదది, అతని పని అతను చేశాడు.

కప్పుకి ఆధారం ఉంది కాబట్టి దూలం అవసరం లేదని తేలింది. నిధి అంతా కొత్త నేలకీ, ముందువైపు అద్దాల గోడకీ కేటాయించారు. టైలరమ్మ మందుల షాపుకెళ్ళి, జనం చూస్తుండగానే ప్రెసిడెంటుని నిలదీసింది.

"మిమ్మల్ని ఇన్నేళ్ళు అలా నిలబెడితే మీ ఆవిడ ఊరుకుంటుందా అన్నయ్యగారూ? ఆ అద్దాలు ఎవడికి కావాలి?"

"అద్దాలుంటే నలుగురూ వస్తారు చెల్లెమ్మా. నలుగురూ వస్తే చందాలొస్తాయి. అప్పుడు మొదటి పని దూలమే. నా మీద ఒట్టు" అన్నాడాయన.

పనులు మొదలయ్యాయి. పిల్లల్ని రావద్దన్నారు. పాత నేల పగలగొడుతుంటే దుమ్ము పొగలా లేచి మాస్టారి జుట్టు మీద, కనురెప్పల మీద పేరుకుంది. దగ్గు పట్టుకుంది, తరువాత జ్వరం. ఒక మధ్యాహ్నం పనివాళ్ళు భోజనాలకి వెళ్ళిన వేళ టైలరమ్మ వచ్చేసరికి ఆయన ఒళ్ళు కాలిపోతోంది.

"కాసేపు దిగండి. నేను పట్టుకుంటా."

"నీ వల్ల కాదే."

"ఎందుక్కాదు? ఇల్లు మోయట్లేదా?"

"చెప్తున్నా కదా, నీ వల్ల కాదు. నువ్వు ముట్టుకోకు!"

జ్వరంలో కూడా అంత గట్టిగా అరిచాడెందుకో ఆవిడకి అర్థం కాలేదు. అరిచిన ఓపికతోనే ఉన్న ఓపిక కాస్తా పోయినట్టుంది, ఆయన మోకాళ్ళు మడతపడ్డాయి. చెయ్యి జారింది. మనిషి దిమ్మ మీంచి కిందికి కూలబడ్డాడు. టైలరమ్మ ఒక్క ఉదుటున దిమ్మెక్కి, మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ కప్పుకి ఆనించి కళ్ళు గట్టిగా మూసుకుంది.

బరువు లేదు. ఆరేసిన దుప్పటి కింద చెయ్యి పెట్టినట్టుంది, అంతే.

కళ్ళు తెరిచింది. ఒక చెయ్యి తీసింది. ఏమీ కాలేదు. రెండోది కూడా తీసింది. కాస్త సున్నం పొడి రాలి ముక్కు మీద పడింది. కప్పు ఎక్కడిదక్కడే ఉంది.

ఎప్పుడు కుదురుకుందో ఈ కప్పు! పోయిన ఏడా? మొదటి నెలలోనా? పురిటినొప్పులతో ఒక్కతే రిక్షా ఎక్కిన రోజు కూడా ఇది ఇలాగే ఉందా? ఆవిడకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కాళ్ళ దగ్గరున్న మనిషిని లేపి చెంప పగలగొట్టాలన్నంత కోపం.

కిందికి చూసింది. ఆయన దిమ్మకి జారగిలపడి కళ్ళు తెరిచే ఉన్నాడు. కప్పు వైపు చూడట్లేదు. ఆవిడ ముఖంలోకే చూస్తున్నాడు.

"బరువుందా?" అన్నాడు. గొంతు పీలగా, తప్పు చేసి దొరికిపోయిన పిల్లాడిలా.

అంటే తెలుసు. ఆయనకి తెలుసు. ఆవిడకి పాత రోజులు గుర్తొచ్చాయి. ఇంట్లో ఆయన మూలన కూర్చుని ఏదో చెప్పబోతే, మిషను ఆపకుండానే "ఆఁ, ఆఁ" అనేది. నెలాఖర్లో ఆయన తెచ్చిన నాలుగు డబ్బులు చూసి మూతి తిప్పేది. ఆ ఇంటికి రమ్మనే కదా ఇన్నేళ్ళూ పోట్లాడింది! ఇక్కడైతే వచ్చినవాళ్ళు తలెత్తి చూస్తారు. కోపం పోలేదు గానీ, దాని కిందనుంచి జాలి కూడా పుట్టుకొచ్చింది.

చేతులు మళ్ళీ పైకెత్తి కప్పుకి ఆనించింది.

"బాబోయ్, చాలా బరువండీ" అంది. "నా వల్ల కాదు. తొందరగా రండి."

ఆయన ముఖం వెలిగింది. జ్వరంతో వణుకుతూనే దిమ్మ పట్టుకుని లేచాడు, ఎక్కాడు, ఆవిడ చేతుల పక్కన తన చెయ్యి ఆనించాడు. "చెప్పానా? నువ్వు జరుగు" అన్నాడు. ఆవిడ జరిగింది. మాత్ర వేసి, నీళ్ళు తాగించి, కనురెప్పల మీద దుమ్ము తుడిచి ఇంటికొచ్చేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

కొన్నాళ్ళకి ప్రెసిడెంటు టైలరు షాపుకి పరుగుపరుగున వచ్చాడు. మనిషి మొహం చేటంతైంది.

"చెల్లెమ్మా, అద్దాల్లో డబ్బు మిగిలింది! దూలానికి సరిపోతుంది. మాట నిలబెట్టుకున్నానా లేదా? మాస్టారు ఇంటికొచ్చేయొచ్చు."

టైలరమ్మ మిషను ఆపి ఆయన వైపు చూసింది. కూతురి గౌను ఒళ్ళో ఉంది, సూది కింద అంచు సగంలో ఆగింది.

"వద్దు అన్నయ్యగారూ" అంది.

"వద్దా?"

"వద్దు. ఆ డబ్బుతో హాల్లో ఫ్యాన్లు వేయించండి. ఎండాకాలం ఆయనకి చెమటలు కారిపోతున్నాయి."

ప్రెసిడెంటు బుర్ర గోక్కున్నాడు. "వేయించొచ్చు గానీ, ఫ్యాన్లంటే కప్పుకే కదమ్మా తగిలించాలి. మాస్టారి మీద బరువు పెరగదూ?"

"పెరగనివ్వండి" అంది టైలరమ్మ. "ఆయనకి కాస్తయినా బరువుండాలి."