జాజికాయ తోటలో బుచ్చమ్మ నీడ

బుచ్చమ్మ పొద్దున్నే తన నీడను ఎవరికి అవసరమైతే వాళ్ళ వాకిట్లో పరిచి, సాయంత్రం దులిపి మడతపెట్టి, భుజాన వేసుకుని ఇంటికి వెళుతుంది. నగరం పక్కనున్న ఆ ఊళ్ళో నీడ అడగడమంటే పెద్ద గుండిగ అరువు తెచ్చుకోవడం లాంటిదే. పెళ్ళి వంటలకీ, చర్చి ముందు కూటాలకీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. దిండి రిసార్టు వాళ్ళు అద్దెకు అడిగితే మాత్రం, "నా నీడ కూలికెళ్ళదండీ. కూలికి నేనే వెళ్తాను," అని పంపేసింది.

జాజికాయ తోట ఉన్న శారోన్ ఎప్పుడూ అడగలేదు. ఆమెకు షేడ్‌నెట్ ఉంది.

తుపానుకు కొబ్బరిచెట్లు పడిపోయాక, వాటి కింద పెరిగిన జాజికాయ చెట్ల ఆకులు ఎండకు మాడడం మొదలుపెట్టాయి. శారోన్ ఆకుపచ్చ నెట్ కొని తోటంతా కప్పించింది. కట్టినవాళ్ళు గోదావరి పాయలో వలలు వేసే మనుషులు. చేపపిల్ల కూడా జారిపోకుండా కట్టడం వాళ్ళకి అలవాటు. అంచులు నేలదాకా దించి, మేకులు కొట్టి, అతుకులన్నీ కుట్టేశారు. పనితనం చూసి శారోన్ మురిసిపోయింది.

ఆకులు నిగనిగలాడాయి. పూలూ వచ్చాయి. పిందె మాత్రం నిలవలేదు. రెండేళ్ళూ పూత పూతగానే నేల రాలింది.

"ఈసారీ కాయకపోతే కొట్టించేద్దాం. రొయ్యల చెరువు వాళ్ళు లీజుకి అడుగుతున్నారు," అన్నాడు భర్త శ్యామ్ సుందర్. అతను హైస్కూల్లో లెక్కల మాస్టారు.

"మా నాన్న నాటిన చెట్లండీ."

"మామగారంటే నాకూ గౌరవమే. చెట్లకి కూడా ఉంటే బాగుండు."

మర్నాడు శారోన్ నెట్ పక్కన చాలాసేపు నిలబడింది. తేనెటీగలూ, చిన్న చిన్న పెంకుపురుగులూ బయటివైపు పాకుతున్నాయి. పుప్పొడి ఇచ్చే పోతుచెట్టు ఒక్కటే ఉంది. అది కాలవగట్టు మీద, నెట్‌కి బయట ఉండిపోయింది. దాని పూల మీద వాలి వచ్చిన పురుగులకు లోపలి ఆడచెట్ల దగ్గరికి దారి లేదు. శారోన్ పక్కలు ఎత్తి కట్టి చూసింది. ఒకటీ అరా లోపలికి వచ్చి, ఆ పచ్చటి మసకలో తిరగలేక బయటికే పోయాయి. పైకప్పు తీసేస్తే ఆకులు మాడతాయి.

ఆమె బుచ్చమ్మ ఇంటికి వెళ్ళింది.

"పిన్నిగారూ, మీ నీడ ఇస్తారా అండీ?"

"ఇన్నాళ్ళకి గుర్తొచ్చేనా? బజార్లో కొన్న నీడ ఏమైందమ్మా?"

"అందులోకి పురుగు దూరట్లేదండీ."

"నా దాంట్లో పోగుల్లేవు. దోమలు కూడా దూరతాయి, అదొక్కటే లోపం."

"పిందె నిలిచేదాకా కావాలండీ. మధ్యలో మడతపెట్టకుండా."

బుచ్చమ్మ ఒక పగటికి మించి నీడను ఎక్కడా వదిలి ఎరగదు.

"ఆయ్, తీసుకో. నేను గొడుగేసుకుంటాలే."

నెట్ విప్పి, నీడను నాలుగు మూలలా లాగి పరిచారు. ఎంత లాగితే అంత సాగింది. పురుగులు కాలవగట్టు నుంచి నేరుగా వచ్చి పూలలో దూరాయి. ఆ రోజుల్లో బుచ్చమ్మ ఎండలో నడిస్తే, నేల మీద గొడుగు నీడ ఒక్కటే నడిచేది.

చెరువు వాళ్ళు కొలతల టేపుతో వచ్చేసరికి కొమ్మలనిండా పిందెలు. శ్యామ్ సుందర్ ఒక పిందెను వేలితో తాకి చూశాడు.

"టేపు చుట్టేయండి. తర్వాత చూద్దాం," అన్నాడు.

"తర్వాతంటే ఎప్పుడండీ, మాస్టారూ?"

"ఇవి పండేక రండి. కాయలు పట్టుకెళ్దురుగాని."

సాయంత్రం బుచ్చమ్మ నీడ తీసుకుపోవడానికి వచ్చింది. ఒక అంచు పట్టుకుని లాగింది. రాలేదు. రెండో అంచూ అంతే. ప్రతి చెట్టు మొదట్లోనూ నీడ నేలను కరుచుకుని ఉంది.

"నా నీడకి వేళ్ళు దిగిపోయాయమ్మా."

శారోన్ తనూ ఒక అంచు లాగి చూసింది. "కత్తిరిద్దామా అండీ?"

"నీడనెవరైనా కత్తిరిస్తారా, నీ మొహం!"

శారోన్ ఇంట్లోంచి నులకమంచం తెచ్చి చెట్ల మధ్య వేసింది.

ఇప్పుడు ఎవరైనా నీడ అడగడానికి వెళితే బుచ్చమ్మ ఇంటి దగ్గర దొరకదు. శారోన్ తోటకు రావాలి. అక్కడ జాజికాయలు పగిలి లోపలి ఎర్రటి జాపత్రి కనబడుతూ ఉంటుంది. ఊరందరికీ నీడ పరిచిన మనిషి తన నీడలో తను పడుకుని, లేవకుండానే, "ఇక్కడికే వచ్చి కూర్చోండి," అంటుంది.